మరుపు శాల

మూడో పుట సగంలో ఊరి పేరు వచ్చింది. నూకరత్నం దాని మీద చూపు నిలపకుండా కుడివైపు కాగితం మీద ‘ఒక ఊరు’ అని రాసింది. తరువాతి వాక్యంలో రేవు పేరు. ‘ఒక రేవు’. ఆ కింద, పత్రం రాసినవారు తమ మేనమామను తలుచుకున్నారు. ‘ఒక బంధువు’. ‘పదహారు మూరలు’ అన్నచోట ‘కొంత పొడవు’ అని రాసి, కలం తుడిచి, మళ్లీ సిరాలో ముంచింది.

శాలా లిపిలో అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ గుండ్రపు రాతలో ఎవరి కోపమూ, ఎవరి తొందరా కనబడవు. నకలు పూర్తి కాగానే ఆమె అసలు పత్రాన్ని బల్ల మధ్యనున్న చీలికలోకి జారవిడిచింది. కింద తొట్టిలో అది నీళ్లు తాగి గుజ్జవుతుంది. రేపు అదే గుజ్జు మళ్లీ తెల్లకాగితమవుతుంది. ఇది ముప్పయ్యో పత్రం. తన పన్నెండో కుర్చీ కట్టలో ఇంకొక్కటే మిగిలింది. సాయంత్రం నాలుగు గంటలకు ఇరవై కుర్చీల కట్టలూ పడవెక్కి, మార్కులు వేసే చదివరుల దగ్గరకు పోవాలి.

యంత్రాల చేత ఈ పని ఎందుకు చేయించరని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. యంత్రం ఒకసారి చదివింది మరిచిపోదు. నాలుగు వాక్యాలు చూపిస్తే రాసిన మనిషి ఏ రేవువాడో, ఏ బడిలో చదివాడో చెప్పేస్తుంది. చెప్పవద్దని ఎంత కట్టడి చేసినా తెలిసింది దానిలోనే ఉంటుంది, తెలుసుకోవాలనుకున్నవాడు ఏదో ఒక రోజు బయటికి లాగుతాడు. అందుకని ఈ ఒక్క శాలలో మనుషుల్ని పెట్టారు. చేరిన రోజున ప్రతి నకలరీ మరుపు ప్రమాణం చేస్తారు. చెరిపినది ఎవరితోనూ అనను, చెరిపినదాన్ని బట్టి ఏ పనీ చేయను, అని.

సముద్రం ఎనిమిది మైళ్లు లోపలికి వచ్చి, పాత ప్రభుత్వాలు మెట్టకు తరలిపోయాక, డెల్టాలో మిగిలినవాళ్లకు ఒకటే ప్రశ్న ఎదురైంది. నూట నలభై లాకులున్నాయి. ఏ లాకు దగ్గర ఏ మనిషి తలుపు వేస్తాడో, ఎప్పుడు తీస్తాడో దాని మీదే అందరి బతుకూ ఆధారపడి ఉంది. దూరాన ఉన్న ఆ మనిషి మన మాట ఎందుకు వినాలి? పెద్దలు పాత చరిత్రలు తిరగేశారు. తూర్పు పాయవాళ్లు చీనాలో సోంగ్ వంశపు రాజుల పద్ధతి తీసుకున్నారు. పరీక్ష, రాసినవారెవరో తెలియకుండా పేరు మీద మాటు, చేతిరాత తెలియకుండా నకలు శాల, మూడేళ్లకొక బదిలీ, సొంత ఊరికి ఆమడ దూరంలో ఉద్యోగం. పడమటి పాయవాళ్లు యూరపు రాజుల పద్ధతి తీసుకున్నారు. లాకు, దాని కింది పొలమూ ఒక కుటుంబానికి ఇవ్వడం, ఆ ఇంటిపెద్ద వచ్చి పాయ దొర ముందు మోకాళ్ల మీద కూర్చుని, జోడించిన చేతులు దొర చేతుల మధ్య పెట్టి మాటివ్వడం. ముప్పై ఒక్క ఏళ్లుగా రెండు పాయలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ, నవ్వుకుంటూ, అప్పుడప్పుడు భయపడుతూ బతుకుతున్నాయి.

ఈసారి పరీక్షలో ప్రశ్న కూడా అదే. మధ్యయుగాల్లో చీనా రాజులు, యూరపు రాజులు దూరపు మనుషుల విధేయతను ఎలా సంపాదించారో పోల్చండి. మీరు ఎరిగిన ఉదాహరణ ఒకటి ఇవ్వండి.

ఆరు వందల పన్నెండు మంది రాశారు. ఆమె కట్టలో ఒకరు సోంగ్ వంశపు తొలి రాజు తన సేనానులను విందుకు పిలిచి, తాగించి, తనకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పుకుని, మర్నాటికల్లా వాళ్లంతట వాళ్లే సైన్యాలు అప్పజెప్పేలా చేసిన కథను ఆ విందులో తామూ ఉన్నట్టు రాశారు. ఇంకొకరు యూరపులో భూమి ఇచ్చేటప్పుడు మట్టిగడ్డ ఒకటి చేతిలో పెట్టేవారని చెప్పి, ఆ గడ్డ ఎండిపోయాక ఏం చేసేవారో పుస్తకాల్లో ఎక్కడా లేదని విచారపడ్డారు. మరొకరు చీనావారిది తూకం, యూరపువారిది పొత్తు అని రెండు మాటల్లో తేల్చేసి, మిగిలిన నాలుగు పుటలూ తమ చేతిరాత అందం చూపించడానికే రాశారు. ఆ అందం నూకరత్నం తప్ప ఎవరూ చూడలేదు.

ఆమె ముప్పై ఒకటో పత్రం తీసింది.

కుడివైపుకు వాలిన అక్షరాలు. కాగితానికి బాగా నొక్కి రాసిన చేయి.

‘చీనావారు మనిషిని సొంత ఊరికి దూరంగా పెట్టారు. అతనికి అక్కడ చుట్టాలు లేరు, పక్షపాతం లేదు. ఊరి సంగతీ తెలియదు. యూరపువారు మనిషికి ఊరినే ఇచ్చేశారు. అతనికి అన్నీ తెలుసు. తెలిసినవి రాజుకు చెప్పాలని మాత్రం ఉండదు. ఉదాహరణకు మా పుల్లేటిమొగ లాకు. అక్కడ నీటిమట్టం చూసే కొలరాయి పాత వంతెన స్తంభం మీద చెక్కింది. స్తంభం కదలలేదు. రాయి నిజమే చెబుతుంది. వెనకనున్న కాలవ గట్టు నక్కలదారి దగ్గర మూరెడు దిగింది. గడ్డి మొలిచి ఉండటం చేత కనబడదు. పదకొండో గీత దాకా తలుపులు తెరిచి ఉంచవచ్చని నియమం. తొమ్మిదిన్నర దాటితే నీళ్లు ఊళ్లోకి వస్తాయి. లాకు అధికారి గారికి చెప్పాము. ప్రతి ఊరూ తన గట్టే దిగిందంటుందని అన్నారు. ఆయన మంచివారే.’

నూకరత్నం కలం ‘ఒక ఊరి గట్టు కొంత దిగింది’ అని రాసింది. రాశాక ఆగింది.

ఆ వాక్యం ఆ చేత్తోనే ఆమె ఇంతకుముందు రాసింది. మూడేళ్ల కిందటి పరీక్షలో ఒకసారి. ఆరేళ్ల కిందట, ఆమె శాలలో చేరిన ఏడాది, మరొకసారి. ఆరేళ్ల కిందటి పత్రంలో పెద్ద పెద్ద అక్షరాలు, పంక్తికి నాలుగు మాటలు. పుల్లేటిమొగ గట్టు బెత్తెడు దిగిందని అందులో ఉంది. మూడేళ్ల కిందటిది సన్నని రాత. అందులో జానెడు. మూడు చేతులు, ముగ్గురు మనుషులు. బెత్తెడు, జానెడు, మూర. మూడింటినీ ఆమె ‘కొంత’ అని రాసింది. చదివరుల నుంచి తిరిగొచ్చిన నకళ్లలో మొదటి రెండింటి పక్కనా ఒకటే మాట: ‘ఉదాహరణ అస్పష్టం.’

చక్కగా నకలు రాసిన వాక్యాలు ఆమెకు సాయంత్రానికల్లా మరుపొచ్చేవి. చెరిపినవే ఉండిపోయేవి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ప్రమాణం చేసిన మనిషి చెప్పుకోదగిన సంగతి కాదు.

తలుపు పక్కన పోటు పలక వేలాడుతోంది. ఉదయం ఎవరో సుద్దతో రాశారు. పౌర్ణమి పోటు, గురువారం సాయంత్రం, పది గీతలు. తూర్పుగాలి ఉంటే పదిన్నర. ఇవాళ సోమవారం.

భోజనాల గంట కొట్టారు.

వరండాలో సుభద్రాయమ్మ గారు అప్పటికే విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ పడమటి పాయ నుంచి వచ్చిన హామీ మనిషి. ఆవిడ అన్నగారు ఏడుగట్ల లాకు దొర. ఆయన సరిగ్గా నడుచుకుంటాడన్న నమ్మకం కోసం ఆవిణ్ణి ఆరేళ్లుగా తూర్పు పాయలో ఉంచారు. గది ఇచ్చారు, మర్యాద ఇచ్చారు, కాలవ దాటి వెళ్లే అనుమతి ఇవ్వలేదు.

“ఏమ్మా రత్నం, ముద్ద దిగట్లేదేంటి?” అన్నారావిడ.

“కూరలో ఏం వేశారో తెలీక చూస్తోందండి,” అన్నాడు పదమూడో కుర్చీ ఇమ్మానుయేలు. యాభై ఏళ్ల మనిషి, మొదటి పరీక్ష నుంచీ శాలలోనే ఉన్నాడు. “మా వంటాయన కూడా మాటు పాటిస్తాడు. బీరకాయో సొరకాయో తెలిస్తే పక్షపాతం వచ్చేస్తదని, అన్నీ ఒకలాగే ఉడకబెట్టేస్తాడు.”

“ఆయ్, మా ఇంట అయితే వడ్డించేటప్పుడే చెప్పేవోళ్లు. ఏ చేపో, ఎవరి వలో, ఎవరింటి నించి వచ్చిందో. తినకపోతే ఆ ఇంటితో వైరం.” ఆవిడ మజ్జిగ పోసుకున్నారు. “రెండిట్లో ఏది నయమంటే ఏం చెప్తాం.”

నూకరత్నం నెమ్మదిగా అడిగింది. “ఏడుగట్లలో మీ అన్నగారు ఏం చేశారండి? మీరెప్పుడూ చెప్పలేదు.”

ఇమ్మానుయేలు తల దించుకుని అన్నం కలపసాగాడు. సుభద్రాయమ్మ గారు మాత్రం తడుముకోలేదు.

“పెద్ద పోటు రోజున తలుపులు వేసేశాడమ్మా. వేయకూడదు. వేస్తే నీళ్లు పక్కదారి పట్టి దిగువన మీ వైపు చింతలమొగ మీద పడతాయని ఆయనకి తెలుసు. చిన్నప్పట్నించీ ఆ నీళ్లలో ఈదినోడు, ఎవరింటి గుమ్మం ఎంత ఎత్తో కూడా తెలుసు. తెలిసే వేశాడు. మావాళ్లు నలభై ఊళ్లవాళ్లు ఆయన చేతుల్లో చేతులు పెట్టేరు, కాపాడతానని మాటిచ్చేడు, కాపాడేడు. చింతలమొగవాళ్లకి ఆయన మాటివ్వలేదు. అంతే.”

“తరవాతండి?”

“తరవాతేముంది. ఆయన్ని తీసేస్తే నలభై ఊళ్లూ తిరగబడతాయి. అందుకని నన్ను తెచ్చి ఇక్కడ పెట్టేరు.”

“ఆయన మళ్లీ మాట తప్పితే మిమ్మల్నేం చేస్తారండి?”

“ఎక్కడా రాయలేదమ్మా. మీకైతే రూలుంటది, ఫలానా తప్పుకి ఫలానా శిక్ష అని. మాకు రాయరు. రాయలేదు కాబట్టే మా అన్నయ్యకి భయం.” ఆవిడ నవ్వారు. “నాకూ భయమే అనుకో.”

“మీవాళ్లు ఒకరికే మాటిస్తారా అండి? ఇద్దరు దొరల పొలం చేస్తే?”

“ఎందరి పొలం చేస్తే అందరికీ ఇస్తారు. ఆ దొరలిద్దరూ కొట్టుకున్న రోజున తెలుస్తది తమాషా. యూరపులోనూ అదే గొడవంట కదా, ఇందరిలో మొదటి దొరెవరో ముందే చెప్పు అని అడగాల్సొచ్చిందంట. మావాళ్లూ ఇప్పుడో చీటీల పెట్టె పెట్టేరు. ఎవరు ఎవరికి ఏ రోజున మాటిచ్చేరో రాసి దాచుకోడమే. నేర్చుకుంది మీ నించే.” ఆవిడ విస్తరి మడిచారు. “మీకా బాధ లేదు. ఒట్లు లేవు, చేతులు పట్టుకోడాలు లేవు. అంతా కాగితమే.”

“మాకూ ఒకటుందండి,” అన్నాడు ఇమ్మానుయేలు. “చెరిపింది ఎవరికీ చెప్పబోమని ఒట్టు పెట్టుకున్నాం. ఈ ఇరవై మందిమీ.”

సుభద్రాయమ్మ గారు పెద్దగా నవ్వేశారు. పక్క పంక్తిలోవాళ్లు తిరిగి చూశారు.

“అయితే మీ ఆరొందల మంది కాగితాలూ, మీ లాకులన్నీ ఇరవై మంది ఒట్టు మీద నిలబడ్డాయా? ముప్పై ఏళ్ల నించీ ఈ సంగతి మా అన్నయ్యకి ఎవరూ చెప్పలేదే! తెలిస్తే ఎంత సంబరపడేవోడో.”

ఇమ్మానుయేలు కూడా నవ్వాడు. నూకరత్నం నవ్వలేదు. ఆవిడ చెప్పినదాన్లో తనకు అక్కరకొచ్చే మాట ఎక్కడుందా అని వెతుక్కుంటోంది. ఏడుగట్ల దొరకు అంతా తెలుసు, తెలిసే ముంచాడు. పుల్లేటిమొగ అధికారికి ఏమీ తెలియదు, మంచివాడై ఉండి ముంచబోతున్నాడు. చింతలమొగలో పోయినవాళ్లకు ఈ తేడా ఏమంత లెక్క ఉంటుంది?

భోజనం అయ్యాక ఆమె శాలాధికారి గదికి వెళ్లింది. శేషావతారం గారు కట్టలకు కట్టే నార తాళ్లను పొడవు చూసి కత్తిరిస్తున్నారు. ఈ పని ఆయన ఎవరికీ అప్పగించరు.

“రండి, పన్నెండు.”

“ఒక నియమం అడగాలండి. లాకు గురించి ఎవరైనా ఫిర్యాదు చెయ్యాలంటే?”

“ఆ ఊరివాళ్లయితే అది సొంతమాట. పుస్తకంలో ఎక్కదు. ప్రతివాళ్లూ తమ గట్టు ముందు బాగు చెయ్యమంటారు, దానికి అంతుండదు. ఊరితో ఏ సంబంధమూ లేనివాళ్లు చెప్పాలి.”

“సంబంధం లేనివాళ్లకి ఎలా తెలుస్తుందండి?”

“తనిఖీవాళ్లు చూస్తారు.”

“తనిఖీవాళ్లు కొలరాయి చూస్తారు. రాయి సరిగ్గానే ఉందనుకోండి.”

కత్తెర ఆగింది. ఆయన కళ్లద్దాల మీదుగా ఆమెను చూశారు.

“ఊరివాళ్లు కాకూడదు, ఊరి సంగతి తెలిసుండాలి. అలాంటివాళ్లు ఎవరుంటారు?” అని ప్రశ్నలాగా మొదలుపెట్టి, మాట మధ్యలోనే ఆయనకు సమాధానం దొరికింది. దొరికినట్టు ముఖంలో తెలిసింది. తాడు బల్ల మీద పెట్టారు. “పన్నెండు, మీరు నన్నేం అడుగుతున్నారో నాకు తెలియదు. తెలియకుండానే ఉండనివ్వండి.”

“ఆయ్.”

“నకలరి ప్రమాణం తప్పితే ఈ పరీక్షలో ఆ చేతి మీదుగా వచ్చిన పత్రాలన్నీ చెల్లవు. అసళ్లు గుజ్జయిపోతాయి కనక మళ్లీ రాయించడానికీ లేదు. మీ కట్టలో ముప్పై ఒక్కరున్నారు. వాళ్లు మూడేళ్లు చదివారు, ఇంకో మూడేళ్లు ఆగాలి. వాళ్లేం తప్పు చేశారు?”

“ఏమీ చెయ్యలేదండి.”

“మరి.”

ఆమె తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. మూడు గంటలు దాటింది. శాలలో ఇరవై కలాల చప్పుడు తప్ప మరేమీ లేదు.

మాటు అంటే ఆమెకు గౌరవం. అది మాటల్లో మాత్రమే ఉండే గౌరవం కాదు. తాటిదిబ్బ బడిలో పలకలు పంచుకుని చదువుకున్న పిల్ల ఆమె. తల్లి ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని అయిదు ఊళ్లు తిరిగేది. పడమటి పాయలో పుట్టి ఉంటే ఆమె ఎవరి చేతుల్లో చేతులు పెట్టాలి? ఆమె కోసం చేతులు ఎవరు చాస్తారు? ఇక్కడ మాత్రం, ఆమె పరీక్ష రాసినప్పుడు చదివరులకు ఆమె ఎవరో తెలియలేదు. బుట్ట వాసన తెలియలేదు. తెలియకపోవడం చేతనే ఆమెకు ఈ కుర్చీ వచ్చింది. ఎవరో ఒక నకలరి ఆమె మేనమామ పేరును ‘ఒక బంధువు’ అని రాసి, ఆ తరువాత మరిచిపోయి ఉంటారు. ఆ మనిషి మరుపుకు ఆమె రుణపడి ఉంది.

ఈ ముప్పై ఒక్కరిలోనూ అలాంటివాళ్లు ఉంటారు. పదిహేడో పత్రంలో ఒకరు, దీపానికి నూనె లేక యూరపు చరిత్ర సరిగ్గా చదువుకోలేదని అమాయకంగా ఒప్పుకున్నారు. ఆమె అదీ చెరిపింది.

కుడివైపుకు వాలిన అక్షరాలను ఆమె మళ్లీ చదివింది. ఆ రాసినవారికి ఈ పరీక్ష ఎందుకు? గెలిస్తే ఉద్యోగం పుల్లేటిమొగకు ఆమడ దూరంలో ఇస్తారు. తమ ఊరి సంగతి రాస్తే చెరిపేస్తారని అభ్యర్థులందరికీ తెలుసు, మార్కులు తగ్గుతాయనీ తెలుసు. తెలిసే రాశారు. ముగ్గురు మనుషులు, మూడు పరీక్షలు. చదివరులకు అందదని తెలిసి కూడా రాశారంటే, మధ్యలో చదివే మనిషి ఒకరుంటారని వాళ్లకు గుర్తుండే ఉంటుంది. వాళ్లు రాసింది నకలరికే. ఆరేళ్లుగా ఆ ఉత్తరాలు ఆమెకే వస్తున్నాయి.

ఈ ఆలోచన వచ్చాక ఆమె ఇక ఎక్కువసేపు కూర్చోలేదు.

ముందు నకలు పూర్తి చేసింది. ఒక ఊరు, ఒక లాకు, కొంత. నియమం ప్రకారం ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా రాసింది. తరువాత అసలు పత్రం తీసి చీలికలోకి జారవిడిచింది. తొట్టిలో పడిన చప్పుడు వినిపించేదాకా ఆగింది. ఆ కాగితం చేతిలో ఉంటే రుజువు ఉండేది. రుజువుతో పాటు ఆ చేతిరాత కూడా ఉండేది, రాసినవారు ఎవరో రేపటికల్లా తెలిసిపోయేది. ఇప్పుడు ఆమె మాట తప్ప ఏమీ లేదు.

కట్ట పట్టుకుని గది మధ్యకు వెళ్లి నిలబడింది. శేషావతారం గారు కట్టలు అందుకోవడానికి అప్పటికే వచ్చి ఉన్నారు. గుమ్మం బయట పడవ సరంగు చుట్ట ఆర్పేసి, తలపాగా సర్దుకుంటున్నాడు.

“అయ్యా, నేను పుల్లేటిమొగ ఎప్పుడూ చూడలేదు,” అంది నూకరత్నం. ఆమె గొంతు ఎవరూ అంత గట్టిగా విని ఉండలేదు. “నాకక్కడ చుట్టాలు లేరు. పొలం లేదు. అక్కడ కాలవ గట్టు నక్కలదారి దగ్గర ఆరేళ్ల కింద బెత్తెడు దిగింది, మూడేళ్ల కింద జానెడు, ఇప్పుడు మూర. తొమ్మిదిన్నర దాటితే నీళ్లు ఊళ్లోకొస్తాయి. గురువారం పది గీతల పోటుంది. మూడుసార్లూ ఆ మాట నేనే చెరిపేను.”

మిగిలిన పంతొమ్మిది కలాలూ ఆగిపోయాయి.

శేషావతారం గారు కోప్పడలేదు. కోప్పడితే ఆమెకు తేలికగా ఉండేది. ఆయన బల్ల దగ్గరకు వెళ్లి, తంతి కాగితం తీసి, నిలబడే రాయడం మొదలుపెట్టారు.

“పుల్లేటిమొగ లాకు. తొమ్మిదో గీతకే తలుపులు వేయాలి. గట్టు కొలిపించాలి,” అని పైకి చదివారు. “కారణం దగ్గర ఏం రాయను? ఎవరు చెప్పారని?”

“నా పేరు రాయండి. ఊరు తాటిదిబ్బ.”

రాశారు. తంతి గదికి పంపించారు. ఆ కాగితం గుమ్మం దాటేదాకా చూసి ఆమె చేతిలోని కట్ట తీసుకున్నారు. ఎర్ర సిరా కలంతో పై పత్రం మీద అడ్డంగా ఒక గీత గీశారు. గీత తిన్నగా రాలేదు.

“ముప్పై ఒకటి చెల్లవు,” అన్నారు. “మీరు ఇంటికి వెళ్లవచ్చు, అమ్మా.”

“అయ్యా,” అన్నాడు ఇమ్మానుయేలు కుర్చీలోంచి లేవకుండానే. “నాకూ ఒక నియమం అడగాలనుందండి. ముప్పై ఒకటి కాక, సగానికి పైన చెల్లకపోతే ఏం చేస్తారండి?”

“ఎందుకిప్పుడు?”

“ఊరికేనండి. తెలుసుకుందారని.”

శేషావతారం గారు అలవాటు కొద్దీ ఒప్పజెప్పారు. “సగానికి మించి చెల్లకపోతే పరీక్షే జరగనట్టు. నలభై రోజుల్లో అందరికీ మళ్లీ పెట్టాలి. అప్పటిదాకా బదిలీలు లేవు. లాకు అధికారులు ఎక్కడివాళ్లు అక్కడే...” చివరి మాట దగ్గర ఆయన గొంతు నెమ్మదించింది. “పదమూడు, వద్దు.”

“ముప్పై ఒక్కమంది మూడేళ్లు ఆగే కంటే ఆరొందల మంది నలభై రోజులు ఆగడం నయం కాదాండి?” ఇమ్మానుయేలు లేచాడు. మోకాళ్లు పట్టేసి బల్ల ఊతం తీసుకోవలసి వచ్చింది. “మొన్న బుధవారం ‘ఒక తలుపు ఇరుసు అరిగింది’ అని రాసేను. అది ఏ తలుపో నాకు తెలుసు. ఒట్టు పెట్టేను గానండి, పడుకుంటే ఆ తలుపే కనబడతంది.”

“కూర్చోండి.”

“కూర్చుంటానండి. చెప్పేసి కూర్చుంటాను.”

అవతలి వరసలో నాలుగో కుర్చీ జరిగిన చప్పుడయింది. అందులోని ముసలావిడ ఎవరి వంకా చూడకుండా లేచి నిలబడింది. తరువాత తొమ్మిదో కుర్చీ. తరువాత రెండు కుర్చీలు ఒకేసారి. కొందరు లేవలేదు. పదిహేడో కుర్చీ ఆయన తన కట్టను రెండు చేతులతో కౌగిలించుకుని, ఇది అన్యాయం, మా పిల్లలు ఏం చేశారు, అని గట్టిగా అన్నాడు. ఆయనదీ నిజమే.

శేషావతారం గారు వేళ్ల మీద లెక్కపెట్టారు. పది దగ్గర ఆగి మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టారు. అప్పటికి పదకొండయింది, ఇరవైలో సగం దాటింది.

గుమ్మంలోంచి సరంగు తొంగిచూశాడు. “నాలుగయిందండి. ఆటు మొదలైతే పడవ కదలదు. కట్టలు ఇచ్చేయండి.”

“కట్టలు లేవయ్యా,” అన్నారు శేషావతారం గారు.

“అంటే ఎంతసేపు ఆగమంటారండి?”

“ఆగొద్దు. ఖాళీ పడవ తీసుకెళ్లు. ఈసారి కట్టలు లేవని చెప్పు.”

సరంగు ముప్పై ఏళ్లలో ఖాళీ పడవ నడపలేదు. తలపాగా తీసి మళ్లీ చుట్టుకుని, రేవు వైపు వెళ్లిపోయాడు.

శేషావతారం గారు నార తాళ్లను పక్కకు నెట్టారు. ఎర్ర సిరా సీసాకు మూత పెట్టి, నల్ల సిరా తీశారు. తెల్లకాగితాల బొత్తి ముందుకు లాక్కుని కుర్చీలో కూర్చున్నారు. నూకరత్నం ఇంకా వెళ్లలేదని అప్పుడు చూశారు. ఎదురుగా ఉన్న బల్ల వైపు చేయి చూపించారు. ఆమె కూర్చుని కలం అందుకుంది.

“ఒక్కొక్కరూ రండి, పదమూడు నించీ,” అన్నారాయన. “మెల్లిగా చెప్పండి, ఆవిడ రాసుకోవాలి. ముందు ఊరి పేరు.”